నెత్తురు తక్కువైన ఏడాది

మొదట పోయింది చదువు. ఆయాసం, జుట్టు రాలడం, గోళ్లు చెంచాల్లా గుంటలు పడటం అంతకు ముందే మొదలయ్యాయేమో, నేను పట్టించుకోలేదు. చదువు పోవడం మాత్రం వెంటనే తెలిసింది. హోసూరు గ్రంథాలయం నుంచి ఒక పుస్తకం తెచ్చుకున్నాను. తిండి గురించి, ఒంటి గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా రాసిన పుస్తకం. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఒక పేరా చదివేదాన్ని. పేరా చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండేది కాదు. మళ్లీ పైకి పోయేదాన్ని. అక్షరాలు స్పష్టంగానే కనిపించేవి, కళ్లజోడు తప్పు కాదు. అవి కళ్ల దాకా వచ్చి ఆగిపోయేవి, అంతే.

నేను కెలమంగలం దగ్గరి పల్లెలో, తెలుగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత నాకు చదువు చెప్పింది గ్రంథాలయమే. హోసూరులో తెలుగు పుస్తకాలు కిటికీ పక్క బీరువాలో అడుగు అరల్లో ఉంటాయి. నేల మీద చతికిలబడితే గానీ పేర్లు కనిపించవు. తమిళం కూడబలుక్కుని చదువుతాను. కన్నడం బస్సు బోర్డుల వరకే వచ్చు. గుండెకు ఎన్ని గదులుంటాయో, చంద్రుడి వెలుగు ఎక్కడిదో, పట్టుపురుగు దారాన్ని ఎలా వడుకుతుందో నాకు ఏ పంతులూ చెప్పలేదు. వెతుక్కుని చదివి తెలుసుకున్నాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. మా ఊళ్లో ఎవరికైనా మందుల డబ్బా మీది రాత అర్థం కాకపోతే మా ఇంటికే తెస్తారు.

అలాంటి నాకు ఒక పేజీ దాటడం చేతకాకుండా పోయింది. ఆ ఏడాది నేను చావుకు భయపడలేదు. ఇక ఎప్పటికీ చదవలేనేమోనని భయపడ్డాను.

ఇంట్లో మేం ముగ్గురం. మా ఆయన హోసూరులో బండ్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోతాడు. వారానికో రకం షిఫ్టు. ఇంటి వెనక మల్బరీ తోట, దాని మొగదల పట్టుపురుగుల షెడ్డు. ఆ రెండూ మా అత్తమ్మవీ నావీ. ఆకు కోసేది ఆమె, కోసిన ఆకు తట్టల్లో పరిచి పురుగులకు మేపేది నేను. ఆమెకు నడుము వంగదు. కొమ్మలు కోయడానికి వంగాల్సిన పని లేదు, షెడ్డులో కింది వరస తట్టలకు మాత్రం వంగి తీరాలి. అందుకని పని అలా పంచుకున్నాం.

పురుగు నాలుగు సార్లు తిండి మాని తల ఎత్తి కదలకుండా ఉండి, పాత తోలు విడుస్తుంది. దాన్ని మా పక్క జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక దాని ఆకలికి అంతుండదు. ఎంత వేసినా ఈనెలు మిగిల్చి తినేస్తుంది. ఆ వారం షెడ్డులో మనిషి లేకపోతే పంట లేదు.

షెడ్డుకు కట్టుబాట్లున్నాయి. చెప్పులతో పోకూడదు. తాలింపు ఘాటు, అగరబత్తి పొగ లోపలికి పోకూడదు. ముట్టయిన ఆడది గడప దాటకూడదు. దాటితే పురుగుకు పాలరోగం వస్తుందని అంటారు. పురుగు ఉబ్బి, తోలు పగిలి, పాల లాంటి నీరు కారి చచ్చే రోగం అది. మొదటి రెండు కట్టుబాట్లకూ పుస్తకంలో కారణం దొరికింది. మూడోదానికి దొరకలేదు. నేను వెతికాను. పాలరోగం కంటికి కనిపించని సూక్ష్మజీవి వల్ల వస్తుందని, తడి, మురికి, సరిగా కడగని తట్టలు దానికి దారి అని రాసి ఉంది. ఆడదాని ఊసే లేదు.

చదవడం వేరు, అత్తమ్మ ముందు అనడం వేరు. నేనెప్పుడూ అనలేదు.

నలభై దాటాక నాకు నెలసరి తీరు మారింది. మూడు రోజుల్లో ఆగాల్సింది ఆగేది కాదు. ఆగిందనుకున్న తర్వాత మళ్లీ వచ్చేది. గడ్డలు గడ్డలుగా పడేది. పురుగులు జ్వరం లేచే రోజూ నాకది మొదలయ్యే రోజూ తరచూ ఒకటయ్యేవి. నేను గడప బయట కూర్చుంటే లోపల ఆకు వేసే చేతులు లేవు. కాబట్టి చెప్పడం మానేశాను. మొదటి రెండు రోజులు మాత్రం పేరుకు బయట కూర్చునేదాన్ని, తర్వాత తలకు పోసుకుని అయిపోయిందని లోపలికి పోయేదాన్ని. అయిపోయేది కాదు. గుడ్డలు ఇంటి దండెం మీద వేస్తే తెలిసిపోతుందని తోటలో మల్బరీ చెట్ల మధ్య, నడిమి సాలులో ఆరేసేదాన్ని.

అప్పుడే పచ్చి బియ్యం మీద మనసు పోయింది. బియ్యం డబ్బా పక్కగా నడిచినప్పుడల్లా గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. వాన పడ్డ మట్టి వాసనకు నోరు ఊరేది. షెడ్డులో చెమ్మ ఆరడానికి తట్టల మీద సున్నం పొడి చల్లుతాం. ఆ వేళ్లను ఎవరూ చూడకుండా నాలుకకు తాకించుకోబోయి ఒకసారి నాకు నేనే భయపడి చేయి కడుక్కున్నాను. బియ్యం తినడం అత్తమ్మ కంట పడింది. పచ్చి బియ్యం నమిలితే పెళ్లినాడు వాన పడుతుందని ఆడపిల్లలను బెదిరించడం మా ఇళ్లలో ఉంది.

"నీ పెండ్లి అయిపాయె కదమ్మా. ఇంగ ఎవురి పెండ్లికి వాన తెస్తావు?" అంది.

ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే నాకు ఊపిరి అందలేదు. గోడ పట్టుకున్నాను. ఆమె నవ్వు ఆపి నా ముఖం చూసి, పొయ్యి వైపు తిరిగిపోయింది.

రోగం పేరు నేనే కనిపెట్టుకున్నాను. ఆ పుస్తకంలో రక్తం గురించి ఒక అధ్యాయం ఉంది. రక్తం ఎర్రగా ఉండటానికి ఇనుము కావాలని, అది తగ్గితే ఊపిరి మోసే శక్తి తగ్గుతుందని, మట్టి, బియ్యం, సున్నం తినాలనిపించడం కూడా దాని గుర్తేనని చదివాను. అది ఒక్క పేజీ. దాన్ని పూర్తి చేయడానికి నాకు చాలా రోజులు పట్టింది. అద్దం ముందు నిలబడి కింది రెప్ప లాగి చూసుకున్నాను. లోపల ఎరుపు లేదు, కడిగిన గుడ్డలా ఉంది. భయం వేయాల్సింది పోయి, ఎవరూ చెప్పకముందే తెలుసుకున్నానన్న గర్వం వేసింది. దాని కింద ఇనుము ఎక్కువగా ఉండే తిండి ఏమేమిటో ఉంది. మునగాకు, బెల్లం, రాగులు. రాగులు చూడగానే పుస్తకం మూసేశాను. మా ఇంట్లో రాగులు లేని పూట లేదు. ఇక ముందుకు చదివే ఓపికా లేదు.

ఊరి నర్సమ్మ దగ్గర ఇనుము మాత్రలు ఊరకే ఇస్తారు. తెచ్చుకున్నాను. వాటిని ఎలా మింగాలో నేనే నిర్ణయించుకున్నాను. పొద్దున రాగి అంబలిలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ, దాంతోపాటే మాత్ర. ఇనుము మీద ఇనుము, ఇంకేం కావాలని నా లెక్క. వెంటనే కాఫీ. మా పక్క ఆడవాళ్లం కడుపులో ఏది వేసుకున్నా ఇలాగే వేసుకుంటాం. బలమైనది బలమైనదానితో కలిపితే రెండింతలవుతుందని మా నమ్మకం. నాది పుస్తకం చదివిన నమ్మకం కాబట్టి ఇంకా గట్టిది.

మాత్రలు కడుపులో రాళ్లలా ఉండేవి. వికారం, మలబద్ధకం. మలం నల్లగా పోతే, అది మాత్రల వల్లేనని తెలియక, లోపల ఎక్కడో పుండు పడిందనుకున్నాను. కొన్ని రోజులు మానేదాన్ని, సిగ్గేసి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. నెలలు గడిచాయి. అంబలి తాగుతూనే ఉన్నాను, మాత్రలు మింగుతూనే ఉన్నాను, మెట్లెక్కలేకపోతూనే ఉన్నాను. కెలమంగలం బస్టాండులో బస్సు మెట్టు మీద కాలు పెట్టి, రెండో కాలు ఎత్తడానికి కాసేపు ఆగాల్సి వచ్చేది. వెనకనుంచి జనం తోసేవాళ్లు. గ్రంథాలయానికి పోవడం మానేశాను. పుస్తకాలు మా ఆయన చేత తిరిగి పంపించాను.

ఆయన నన్ను హోసూరులో ఒక డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. ఆ డాక్టరు రక్తం పరీక్ష కాగితం చూసి, ఉండాల్సినదానిలో సగమే ఉందని చెప్పాడు. నెలసరి ఎలా ఉందని అడిగాడు. మా ఆయన పక్క కుర్చీలో ఉన్నాడు. మామూలే అన్నాను. డాక్టరు ఇంకో రకం మాత్రలు, ఒక టానిక్కు రాసిచ్చాడు. ఆయన తప్పేం లేదు, నేను చెప్పినదాన్ని బట్టి రాశాడు. వాటినీ అంబలితోనే మింగాను.

ఆ వానాకాలం పంట పోయింది. నాలుగో జ్వరం లేచి రెండు రోజులు బాగా తిన్నాయి. మూడో రోజు పొద్దున తట్టల అంచుల్లో పురుగులు ఉబ్బి పాకుతున్నాయి. ముట్టుకుంటే తెల్లటి నీరు. మధ్యాహ్నానికి తట్ట తట్టంతా అదే. ఏరి పారేసేకొద్దీ ఇంకా కనిపించాయి. చివరికి తోట చివర గుంట తవ్వి, పురుగులన్నీ అందులో పోసి, సున్నం వేసి పూడ్చాం. ఆ వారమంతా నేను రక్తం పోతూనే షెడ్డులో తిరిగాను. నా వల్ల కాదని నాకు తెలుసు. వాన ముసురు పట్టింది, తట్టలు ఆరలేదు, బ్లీచింగ్ పొడి చల్లడంలో బద్ధకించాం. ఇదంతా తెలిసి కూడా గుంటలో మట్టి లాగుతున్నప్పుడు నా చేతులు వణికాయి. చదివింది తలలో ఉంది. వణుకు ఇంకెక్కడో ఉంది.

ఎవరైనా షెడ్డులోకి పోయారా అని మా ఆయన అడిగాడు. ఎవరు, ఎలా అని విడమరచి అడగలేదు. అత్తమ్మ తలెత్తకుండా, ఎవరి దిష్టో తగిలిందని చెప్పింది. షెడ్డు గుమ్మానికి కొత్త గుమ్మడికాయ కట్టించింది.

తర్వాతి పంటలో నేను పడిపోయాను. కింది వరస తట్టకు ఆకు వేసి లేవబోయాను. లేచినట్టే అనిపించింది. అత్తమ్మ ఆకు మోపు తెచ్చి గుమ్మం దగ్గర దించి పిలిచిందట, పలకలేదట. లోపలికి వచ్చి చూస్తే నేను తట్ట మీద ముఖం పెట్టి ఉన్నాను. పురుగులు నా చెంప మీద పాకుతున్నాయని ఆమె తర్వాత చెప్పింది. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

మరుసటి రోజు మా ఆయనకు పొద్దుటి షిఫ్టు. కృష్ణగిరి పెద్దాసుపత్రికి నేను తీసుకుపోతానని ఆమె అంది. రాయకోట మీదుగా పోయే బస్సులో పోయాం. దారంతా మామిడి తోటలు. నా చేతి సంచి కూడా ఆమే పట్టుకుంది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మాది తెలుగని తెలిసి తమిళంలో నెమ్మదిగా మాట్లాడింది, అర్థం కానిచోట తనకొచ్చిన తెలుగు కలిపింది. రెప్ప లాగి చూసింది, గోళ్లు చూసింది. మాత్రలు ఎన్నాళ్లుగా, ఎలా వేసుకుంటున్నానని అడిగింది. నేను చెప్పాను. అంబలి, మజ్జిగ, కాఫీ అంతా చెప్పాను. రాగుల్లో ఇనుముంది కాబట్టి అలా చేశానని, పుస్తకంలో చదివానని కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు. రాగులు మంచివే అంది. కానీ రాగుల్లో, కాఫీలో ఉండేవి ఇనుమును కడుపులోనే పట్టేసి ఒంటికి అందనివ్వవని, పాలు మజ్జిగల్లోని కాల్షియమనే సున్నం సత్తువ కూడా దానికి అడ్డుపడుతుందని, ఇన్నాళ్లూ నేను మాత్రను మింగిన చేత్తోనే దానికి తాళం వేశానని చెప్పింది. వేరే పూట వేసుకోవాలి, నిమ్మకాయ నీళ్లతోనో ఉసిరికాయతోనో.

నా చెవులు వేడెక్కాయి. ఇదొక్కటే అయితే ఇంత పడిపోరు అని ఆమె అంది. పోయేది ఎక్కువ ఉంటే వచ్చేది చాలదు. నెలసరి ఎలా ఉంది, ఎన్ని రోజులు, గడ్డలు పడుతున్నాయా అని అడిగింది.

అత్తమ్మ నా వెనకే నిలబడి ఉంది. ఆమె చీర అంచు నా భుజానికి తగులుతోంది. నిజం చెబితే ఇన్ని పంటల్లో నేను గడప ఎలా దాటానో అదీ చెప్పినట్టే. పూడ్చిన గుంట కళ్ల ముందుకు వచ్చింది. చెప్పకపోతే ఈ గదిలోంచి ఇంకో మాత్రల కట్టతో బయటికి పోతాను, మళ్లీ అదే పేజీ దగ్గరకు. రెండూ తెలిసి, మామూలే అన్నాను.

"మామూలు కాదమ్మా" అంది అత్తమ్మ, నాతో కాదు, డాక్టరమ్మతో. "నెలలో సగం దినాలు పోతావుండాది. గడ్డలు పడతావుండాది. అది చెప్పదు."

డాక్టరమ్మ రాయడం ఆపి, మీకెలా తెలుసని అడిగింది.

"గుడ్డలు తోటలో ఆరేస్తాది. ఆకు కోసేది నేను గదా. నాకు కనపడదా?"

ఇన్నాళ్లూ ఎందుకు తీసుకురాలేదని డాక్టరమ్మ అడిగింది. గొంతు మాత్రం పెంచలేదు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తెలిసినట్ల చెప్తే ఈమె షెడ్డులోకి రాకూడదమ్మా. రాకపోతే పురుగులకు ఆకు ఎవురేస్తారు? నా నడుము వంగదు. పంట పోయిననాడు మావాడు అడిగితే దిష్టి అని నేనే చెప్పినాను. ఈమె పేరు రానీలేదు."

నేను వెనక్కి తిరిగి చూడలేదు. నన్ను కాపాడింది. నా చేతులు కావాలి కాబట్టి కాపాడింది. ఆ రెండింటినీ విడదీయడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఆ గదిలో కూర్చుని అనిపించింది ఒకటే: నేను దాచిపెట్టానని అనుకున్నది ఏ రోజూ దాగలేదు. ఇద్దరం ఒకే తోటలో, ఒకరికి తెలియదని ఇంకొకరం అనుకుంటూ తిరిగాం. ఆ మధ్యలో పోయింది నా రక్తం.

స్కానింగులో గర్భసంచిలో గడ్డ ఉందని తేలింది. చెడ్డ గడ్డ కాదన్నారు. మాత్రలు నా కడుపుకు పడవు, పడినా ఈ పరిస్థితిలో చాలవని ఇనుమును నేరుగా నరంలోకి ఎక్కించాలని డాక్టరమ్మ నిర్ణయించింది. గర్భసంచి తీసేయడం గురించి కూడా చెప్పింది, కానీ దానికైనా ముందు రక్తం పెరగాలి. ఇంకో దారి, లోపల ఒక లూపు వేయడం. అది రోజూ కొంచెం కొంచెం మందు విడుస్తూ నెలసరిని తగ్గిస్తుంది. తగ్గేముందు మొదటి కొన్ని నెలలు చుక్క చుక్కగా, రోజూ కనిపించవచ్చని, భయపడవద్దని చెప్పింది. నేను లూపే అడిగాను. కోత అంటే మంచం, మంచమంటే షెడ్డు ఖాళీ. నా నోటికి ముందు వచ్చిన కారణం అదే.

ఇనుము ఎక్కించుకోవడానికి చాలా సార్లు కృష్ణగిరి పోవాల్సి వచ్చింది. సీసాలోని మందు చిక్కటి కాఫీ డికాక్షన్ రంగులో ఉంటుంది. నరంలోకి దిగుతుంటే నాలుక మీద తుప్పు రుచి తెలుస్తుంది. ఒకసారి ఒళ్లంతా నొప్పులు వచ్చి రెండు రోజులు లేవలేదు. పక్క మంచం మీద ఎవరో ఒకరు నాలాంటి తెల్లటి గోళ్లతో పడుకుని ఉండేవాళ్లు. మాట కలిపే ఓపిక మా ఇద్దరికీ ఉండేది కాదు. సీసా వైపు చూస్తూ పడుకునేవాళ్లం.

ఇంట్లో సంగతి మా ఆయనకు తెలిసింది. ఆసుపత్రిలో అన్న మాటను ఇంట్లో మళ్లీ లేదనడం కుదరలేదు. ఆయన ఆదివారం షెడ్డంతా కడిగించాడు. బ్లీచింగ్ పొడి చల్లి, దాని మీద గోమూత్రం చల్లాడు. కర్పూరం మాత్రం బయటే వెలిగించాడు, పొగ లోపలికి పోకుండా. ఆ పని అంతసేపూ నేను అరుగు మీద కూర్చున్నాను. లూపు వేసిన కొత్త. డాక్టరమ్మ చెప్పినట్టే చుక్క చుక్కగా రోజూ కనిపిస్తూనే ఉంది. తెలిసిన ఇంట్లో, చెప్పుకున్న తర్వాత, ఆ చుక్క కూడా ముట్టే. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు. నాకు నయం చేస్తున్న మందే నన్ను గడప బయట కూర్చోబెట్టింది.

ఆ పంట అత్తమ్మ ఒక్కతే చూసుకుంది. మా ఆయన సెలవు పెట్టిన రోజుల్లో కింది తట్టలు ఆయన చూశాడు, మిగతా రోజుల్లో ఆమే. గోడ అవతల ఆమె మూలగడం నాకు వినిపించేది. కింది వరసకు వంగలేక నేల మీద కూర్చుని, జరుగుతూ జరుగుతూ ఆకు వేసేది. వేళకు ఆకు అందక పురుగులు ఒక తీరుగా పెరగలేదు. కొన్ని గూడు కడుతుంటే కొన్ని ఇంకా తింటూనే ఉన్నాయి. గూళ్లు పలుచగా వచ్చాయి. వచ్చేసారి సగమే పెంచుదామని మా ఆయన అన్నాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీలో ఓవర్‌టైం ఉందని, తోట తీసేసి టమాటా వేస్తే కూలీలతో నడుస్తుందని కూడా అన్నాడు. అత్తమ్మ అన్నం కలుపుకుంటూ ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే, అరుగు మీద, నాకు చదువు తిరిగి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. పేజీ తిప్పాను. తిప్పాక గుర్తొచ్చింది, వెనక్కి పోకుండా తిప్పానని. మళ్లీ ఇంకో పేజీ. అదే పుస్తకం, మా ఆయన చేత మళ్లీ తెప్పించుకున్నాను. నేను ఆగిపోయిన చోటు నుంచి కాస్త ముందుకు పోతే రాసి ఉంది: ఇనుమును ఏవి ఒంటికి అందిస్తాయి, ఏవి అడ్డుకుంటాయి. రాగులూ, కాఫీ, మజ్జిగా. ఇంకో రెండు పేజీలు చదివే నెత్తురు ఆనాడు నాలో ఉండి ఉంటే డాక్టరమ్మ నోట వినే పని ఉండేది కాదు. పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను. లోపల అత్తమ్మ తట్ట జరిపిన చప్పుడు, కాసేపు ఏమీ లేకపోవడం, మళ్లీ తట్ట చప్పుడు. చదివింది బాగా అర్థమవుతోంది. సంతోషం మాత్రం ఆ గోడ దాటి రావడం లేదు.

ఒక సాయంత్రం ఆమె షెడ్డులోంచి వచ్చి నా పక్కన కూర్చుంది. రెండు చేతులతో నడుము పట్టుకుని, తోట వైపు చూస్తూ అంది.

"ఆడ ఆసుపత్రిలో చెప్పకుండా వచ్చేసింటే బాగుండేది."

"చెప్పకపోయింటే నేను బతికుండను కదత్తా."

"అదీ నిజమే" అంది. "ఇంగ తగ్గినాదా?" అని అడిగింది.

తగ్గలేదు. కానీ ఎంతో లేదు, ఒక చుక్క. ఆమె నా ముఖం వైపు చూడటం లేదు. కాబట్టి ఏమని చెప్పినా నా ఇష్టమేనని నాకు అర్థమైంది. తగ్గిపోయిందని చెప్పాను. ఆ రాత్రి భోజనాల దగ్గర, కోడలికి అంతా సర్దుకుందని, పంట తగ్గించే పని లేదని, తోట జోలికి పోవద్దని ఆమె కొడుకుతో అంది.

తర్వాతి పంట నాలుగో జ్వరం లేచిన పొద్దున ఆమె ఆకు మోపు తెచ్చి షెడ్డు గుమ్మం ముందు దించింది. నన్ను పిలవలేదు, ఏమీ అడగలేదు. మోపు దించి, అటు తిరిగి, కొడవలి తీసుకుని మళ్లీ తోటలోకి నడిచింది. నేను కాళ్లు కడుక్కుని గడప దాటాను. కింది వరస తట్టకు వంగి ఆకు వేసి లేచాను. కళ్లు తిరగలేదు. ఊపిరి అందింది.

రక్తం ఇప్పుడు బాగానే ఉందని కృష్ణగిరిలో చెప్పారు. ఇంకా అప్పుడప్పుడు పోయి చూపించుకోవాలి. అంబలి సాయంత్రానికి మార్చాను.

గడప దాటిన ఆ రోజు మధ్యాహ్నం గుడ్డలు ఉతుక్కుని తోటలోకి పోయాను. అత్తమ్మ అటు పక్క సాళ్లు కోసింది, ఇటు పక్క సాళ్లు కోసింది. నడిమి సాలు ఒక్కటి కోయలేదు. మనిషి ఎత్తున ఏపుగా నిలబడి ఉంది. ముదిరిపోతే ఆ ఆకు పురుగులకు పనికిరాదని ఆమెకు నాకంటే బాగా తెలుసు. నేను ఆ కొమ్మల మధ్యకు పోయి, ఎవరికీ కనిపించని చోట గుడ్డలు ఆరేసి వచ్చాను.